పార్కుల పిచ్చి ఉన్నవాళ్ళం: ఇంట్లో చెప్పుకోలేనివి ఇక్కడ చెప్పుకుందాం

ఎగ్జిట్13 (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. నాలుగేళ్ళుగా ఇక్కడ చదువుతూనే ఉన్నాను, రాసింది తక్కువ. నిన్న మా చిన్నది నా హ్యాండ్‌బ్యాగులో వండర్‌లా అమ్యూజ్‌మెంట్ పార్కు చేతిపట్టీ చూసి "ఇదేంటమ్మా?" అంది. ఎప్పుడో ఆఫీసు వాళ్ళతో వెళ్ళాంలే అని అబద్ధం చెప్పేశాను. రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే రాస్తున్నాను.

నాకు 41 ఏళ్ళు. ఇద్దరు ఆడపిల్లలు. రెండు మూడు నెలలకోసారి గురువారం సెలవు పెడతాను. పిల్లల్ని స్కూలు బస్సెక్కించి, ఒక్కదాన్నే రావిర్యాలలోని వండర్‌లాకి వెళ్ళిపోతాను. 11కి గేటు తీసేసరికి అక్కడుంటాను. మొదట రికాయిల్ అనే రోలర్ కోస్టర్. ముందుకు తిప్పేసి, అటు చివర పైన ఒక్క క్షణం ఆపి, వచ్చిన దారినే వెనక్కి లాక్కెళ్తుంది చూడండి, ఆ ఆగిన క్షణం కోసమే వెళ్తాను. ఆ క్షణంలో నేను ఎవరి అమ్మనీ కాదు, ఎవరి టీమ్ లీడ్‌నీ కాదు. తర్వాత వేవ్ పూల్. 3 కాగానే బయలుదేరతాను. తుక్కుగూడ సర్వీసు రోడ్డులో కారు ఆపుకుని ఏసీ గాలి మొత్తం మొహం మీదికి తిప్పుకుని జుట్టు ఆరబెట్టుకుంటాను. తడి బట్టలు కవర్లో చుట్టి డిక్కీలో స్టెప్నీ కింద దాస్తాను. పిల్లల బస్సు వచ్చేసరికి గేటు దగ్గర మామూలుగా నిలబడి ఉంటాను.

ఎందుకిలా అంటే నాంపల్లి ఎగ్జిబిషన్ దాకా వెళ్ళాలి. ప్రతి జనవరిలో నాన్న మమ్మల్ని నుమాయిష్‌కి తీసుకెళ్ళేవాడు. జెయింట్ వీల్ మీద తమ్ముడూ నేనూ పక్కపక్కన కూర్చునేవాళ్ళం. నాకు పన్నెండో ఏడు వచ్చిన సంవత్సరం నానమ్మ "పెద్దమనిషివయ్యావు, ఇంక ఇలాంటివి ఎక్కకూడదు" అంది. తమ్ముడు ఎక్కాడు. నేను కింద వాడి చెప్పులు పట్టుకుని నిలబడ్డాను. ఆ చెప్పులు ఇప్పటికీ నా చేతిలో ఉన్నట్టే ఉంటుంది.

మీరూ చెప్పండి. ఎంత సిగ్గనిపించేదైనా సరే.

గోదారి_గట్టు (నిర్వాహకుడు, రాజమండ్రి)

ఎగ్జిట్13 అక్కా, ఈ చర్చని పైన పిన్ చేస్తున్నాను. నియమం ఒక్కటే: ఇక్కడ ఎవరు ఏం చెప్పినా వెక్కిరించకూడదు. వెక్కిరింతలు మనకి ఇంట్లో, ఆఫీసులో కావలసినన్ని దొరుకుతున్నాయి.

నైట్రో_నరసయ్య (కరీంనగర్)

అక్కా, మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. ఆమె కూడా కళ్ళు తుడుచుకుంది.

నాది 2018 సంగతి. పుణెలో ఆదివారం పెళ్ళిచూపులు. అమ్మానాన్న శనివారం రైలుకి బయలుదేరారు. నేను ఆఫీసు పని ఉందని చెప్పి శుక్రవారం రాత్రే బస్సెక్కాను. దిగింది పుణెలో కాదు, ఇంకా ముందుకెళ్ళి ఖోపోలీ దగ్గర. ఇమాజికా పార్కు కోసం. అక్కడ నైట్రో ఉంది. స్విట్జర్లాండ్‌కి చెందిన బీ అండ్ ఎమ్ వాళ్ళు చేసిన ఫ్లోర్‌లెస్ కోస్టర్. ఎక్కనివాళ్ళ కోసం చెప్తున్నాను: రైడ్ ఎక్కే స్టేషన్‌లో మన కాళ్ళ కింద మామూలు నేల ఉంటుంది. భుజాల మీది పట్టీ బిగించాక ఆ నేల కిందికి జారిపోతుంది. చెప్పుల్లేని కాళ్ళు గాల్లో వేలాడతాయి, కింద పట్టాలు కనపడతాయి. బండి ఇంకా కదలనే లేదు, మన గుండె అప్పటికే సగం కొండ ఎక్కేసి ఉంటుంది. ఆ శనివారం నేను 9 సార్లు ఎక్కాను. ముందు వరుస కోసం ప్రతిసారీ విడిగా ఆగాను.

ఆదివారం పొద్దున లేస్తే గొంతు లేదు. ఒక్క మాట బయటికి రాలేదు. అమ్మాయి వాళ్ళ నాన్నగారు ఉద్యోగం గురించి అడిగితే నాన్నే జవాబులు చెప్పాడు. అమ్మ మిరియాల పాలు అడిగి తాగించింది, జలుబు అనుకుని. ఆ సంబంధం కుదరలేదు. అమ్మ ఇప్పటికీ ఆ జలుబుని తిడుతూ ఉంటుంది. ఏడేళ్ళుగా నేను నోరు విప్పలేదు.

మైదుకూరు_మల్లిక (డల్లాస్)

మరి ఇప్పుడున్న ఆవిడ ఎక్కుతారా అన్నా?

నైట్రో_నరసయ్య

ఉయ్యాలెక్కినా కళ్ళు తిరుగుతాయి ఆమెకి. అయినా నాతో వస్తుంది. నా బ్యాగూ ఫోనూ పట్టుకుని ఎగ్జిట్ దగ్గర నిలబడుతుంది. నేను దిగి వస్తుంటే నా మొహం చూడటం తనకి ఇష్టమట.

ఫ్రీమాంట్_పద్మ (కాలిఫోర్నియా)

నాది కూడా అబద్ధమే, అదీ దేవుడి పేరు చెప్పి.

ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒంటరితనం చాలా ఎక్కువగా ఉండేది. ఒకసారి అనాహైమ్ డిస్నీలాండ్‌కి వెళ్ళాను, అంతే. తర్వాత ఏడాది పాస్ తీసుకున్నాను. నెలకోసారి శుక్రవారం రాత్రి బయలుదేరి ఆరేడు గంటలు ఒక్కదాన్నే నడుపుకుంటూ వెళ్ళేదాన్ని. అమ్మకి మాత్రం "మాలిబు గుడికి వెళ్తున్నాను" అనేదాన్ని. గుడికి వెళ్ళడం నిజమే, వెంకటేశ్వరస్వామి దర్శనం చేసుకుని, పులిహోర తిని, అక్కడి నుంచి గంట పైన దూరంలో ఉన్న అనాహైమ్‌కి పోయేదాన్ని. అమ్మ మా వీధి మొత్తానికి "మా అమ్మాయి నెలనెలా స్వామిని చూడనిదే ఉండలేదు" అని చెప్పుకునేది. వీడియో కాల్‌లో బొట్టు కనిపించేలా పట్టుకునేదాన్ని, వెనకున్న కోట కనిపించకుండా.

పోయినేడు అమ్మ వచ్చింది. ఇక దాచలేక తీసుకెళ్ళాను. కోపం వస్తుందని భయపడ్డాను. ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్ పడవ ఎక్కించాను. 1964లో న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్ కోసం చేసి, 1966లో ఇక్కడికి తెచ్చిన రైడ్ అది. డిస్నీ చిత్రకారిణి మేరీ బ్లెయిర్ రంగుల్లో దేశదేశాల బొమ్మలు. అమ్మ పడవ అంచు పట్టుకుని ముందుకి వంగి మన బొమ్మల కోసమే వెతికింది. కనపడగానే నా మోచేయి గట్టిగా పట్టుకుంది. బయటికొచ్చాక అడిగిన మొదటి మాట: "మళ్ళీ ఎక్కొచ్చా?" మూడుసార్లు ఎక్కాం. సాయంత్రం బెంచీ మీద కూర్చుని "ఇక్కడికి వస్తున్నావని ముందే చెప్తే నేను ఇంత బెంగ పెట్టుకునేదాన్ని కాదు కదే, గుడికి అన్నిసార్లు వెళ్తుంటే నీకేదో కష్టమొచ్చిందనుకున్నా" అంది.

అప్పటి నుంచి అమ్మకి అబద్ధం చెప్పలేదు.

లిఫ్ట్‌హిల్_లక్ష్మణ్ (సిన్సినాటి)

పద్మ గారూ, ఆ చివరి మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

నాది చిన్నది. ఇక్కడి కింగ్స్ ఐలాండ్ పార్కులో ద బీస్ట్ అని 1979 నాటి చెక్క రోలర్ కోస్టర్ ఉంది. 7,300 అడుగుల పైనే పొడవు, చెక్క కోస్టర్లలో ప్రపంచంలోకెల్లా పొడవైనది. అడవిలోంచి పోతుంది. రాత్రి ఎక్కాలి, దీపాలుండవు, చెట్లు మీద పడినట్టుంటాయి. దాని ఎత్తు ఎక్కేటప్పుడు వచ్చే టకటక చప్పుడుని ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. అది పెట్టుకుంటేనే నాకు నిద్ర. మా బాబు పుట్టాక వాడికీ అదే జోలపాట అయింది. మా అత్తగారు వచ్చినప్పుడు "ఇంట్లో ఏదో మిషను పాడైపోయింది" అని రెండు రోజులు వెతికారు. ఏసీ అని చెప్పాను.

మైదుకూరు_మల్లిక

ఆ చప్పుడు దేనిది అసలు? గొలుసుదేనా?

ఇరుసు (విశాఖపట్నం)

మెకానికల్ వాణ్ణి, నేను చెప్తాను. గొలుసు బండిని పైకి లాగుతుంది, కానీ ఆ టకటక గొలుసుది కాదు. పట్టాల మధ్య పొడవునా రంపంలాంటి పళ్ళ పట్టీ ఉంటుంది. బండి కింద ఒక కొక్కెం ఉంటుంది. బండి పైకి పోతున్న కొద్దీ ఆ కొక్కెం ఒక్కో పన్ను దాటి కింద పడుతుంది, ఒక్కో టక్ వినిపిస్తుంది. గొలుసు తెగినా, కరెంటు పోయినా, ఆ కొక్కెం వెంటనే పన్నుకి తగులుకుని బండిని వెనక్కి జారనివ్వదు. అంటే మనందరికీ భయం పుట్టించే ఆ చప్పుడు నిజానికి మనల్ని కాపాడుతున్న చప్పుడు. కొత్త కోస్టర్లలో కొన్నింటిలో ఆ కొక్కేన్ని పళ్ళకి తగలకుండా ఎత్తి ఉంచుతారు, అందుకే నిశ్శబ్దంగా ఎక్కుతాయి. నాకు మాత్రం శబ్దమే ఇష్టం. లక్ష్మణ్ గారూ, ఆ రికార్డింగు నాకూ పంపండి.

తెనాలి_తోరణం (ఓర్లాండో)

రాయాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను.

2023 జనవరి 22. ఫ్లోరిడాలోని డిస్నీ పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో స్ప్లాష్ మౌంటెన్ అనే నీళ్ళ రైడ్‌కి ఆఖరి రోజు. మా పెళ్ళయ్యాక మేమిద్దరం మొదటిసారి చెయ్యి చెయ్యి పట్టుకుంది ఆ రైడ్ చివర్లో, ఆ 50 అడుగుల జారుడు మీదే. పెద్దలు చూసి చేసిన పెళ్ళి, అప్పటికి మూడు వారాలు, సరిగ్గా మాటలు కూడా లేవు మా మధ్య. కింద పడేటప్పుడు ఆమే పట్టుకుంది. దిగాక వదల్లేదు.

అందుకని ఆఖరి రోజున గంటలకొద్దీ క్యూలో నిలబడ్డాం. తిరుమల సర్వదర్శనం కంపార్ట్‌మెంట్లలో కూర్చున్నట్టే, ముక్కూ మొహం తెలియనివాళ్ళు తిండి పంచుకున్నారు, ఏడ్చారు, పాత ఫొటోలు చూపించుకున్నారు. పడవలో నేను ఒక చిన్న సీసాలో ఆ నీళ్ళు పట్టుకున్నాను. ఇంటికి తెచ్చి ఎక్కడ పెట్టాలో తెలియలేదు. దేవుడి గూట్లో, కాశీ నుంచి తెచ్చిన గంగ చెంబు పక్కన పెట్టాను. నాకు అది తప్పనిపించలేదు.

ఆ వేసవిలో అమ్మ వచ్చింది. గృహప్రవేశానికి పక్క వీధి తెలుగువాళ్ళు పిలిస్తే, గంగాజలం తీసుకెళ్దామని రెండూ సంచీలో వేసుకుంది. వాళ్ళ వాకిట్లో, మామిడాకుతో చల్లబోతుంటే చూశాను. పరిగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. ఇరవై మంది ముందు "అమ్మా, అది గంగ కాదు, రైడ్ నీళ్ళు" అని చెప్పాల్సొచ్చింది. అమ్మ ఏమీ అనలేదు. గంగ చెంబు మూత తీసి పని పూర్తి చేసింది. ఇంటికొచ్చాక అసలు సంగతంతా చెప్పాను, చెయ్యి పట్టుకున్న దగ్గర్నుంచి. విని, సీసాని కడిగిన గుడ్డతో తుడిచి, దేవుడి గూట్లోంచి తీసి మా పెళ్ళి ఫొటో ముందు పెట్టింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

2024 జూన్‌లో అదే కొండ మీద టియానాస్ బయూ అడ్వెంచర్ అని కొత్త రైడ్ తెరిచారు. బాగుంది. మేం వెళ్తుంటాం. జారుడు అదే కదా.

ఎగ్జిట్13

తెనాలి అన్నా, మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

పేరు_వద్దు

కొత్త ఖాతాతో రాస్తున్నాను. దయచేసి ఏ పార్కని అడగొద్దు.

మా పాపకి అప్పుడు 7 ఏళ్ళు. ఒక రైడ్‌కి కావలసిన ఎత్తుకి 2 సెంటీమీటర్లు తక్కువ. నాకు రోలర్ కోస్టర్లంటే ప్రాణం, నా కూతురితో మొదటిసారి ఎక్కాలని అది పుట్టినప్పటి నుంచీ కల. బాత్‌రూమ్‌లోకి తీసుకెళ్ళి దాని బూట్లలో టిష్యూ పేపరు మడతలు పెట్టి కుక్కాను. కొలత స్తంభం దగ్గర సరిపోయింది. కానీ అక్కడున్న కుర్రాడు పాప నడక చూశాడు. మోకాళ్ళ మీద కూర్చుని, మెల్లగా "బూట్లు ఒకసారి తీస్తావా అమ్మా?" అన్నాడు. పాప నా వైపు చూసి "నాన్నే పెట్టాడు" అంది. ఏడుపు మొదలెట్టింది. వెనక వంద మంది.

అక్కడ నేను సిగ్గుపడింది ఒక ఎత్తు. కారులో పాప "ఎందుకు నాన్నా, మనం పట్టుబడిపోయామా?" అని అడిగింది చూడండి, అది ఇంకో ఎత్తు. నేను ప్రేమించే ఒక్కగానొక్క చోట, నా కూతురికి మొట్టమొదట నేర్పింది దొంగతనం.

ఇరుసు

అన్నా, చెప్పడానికి ధైర్యం కావాలి. చెప్పినందుకు సంతోషం. కానీ ఇది చదివే తల్లిదండ్రుల కోసం కొంచెం రాయాలి. ఆ ఎత్తు గీత ఎవరో సరదాకి గీసింది కాదు. పట్టీ ఎక్కడ ఆనుకోవాలో శరీరం కొలతల్ని బట్టి తయారుచేస్తారు. బండి ఎత్తు మీద నుంచి కిందికి వంగేటప్పుడు మనం సీటు మీంచి పైకి లేస్తాం, ఆ తేలిపోయే క్షణమే మనకిష్టం. ఆ క్షణంలో మనల్ని పట్టి ఉంచేది తొడల మీదో భుజాల మీదో ఆనుకున్న ఆ పట్టీ ఒక్కటే. పిల్ల శరీరం దానికంటే చిన్నదైతే ఖాళీ మిగులుతుంది. బూట్లో కాగితం పెడితే కాళ్ళు పొడవవుతాయేమో, తొడలు లావు కావు.

గేట్_కుర్రాడు (అనంతపురం)

నేను రెండేళ్ళు ఒక పార్కులో రైడ్ ఆపరేటర్‌గా చేశాను. ఎండలో నిలబడి రోజుకి వంద మంది పిల్లల్ని కొలిచేవాణ్ణి. "నీ ఉద్యోగం పీకిస్తా", "టికెట్ కొనలేదా మేం" అని అరిచేవాళ్ళు. ఒకాయన కాలర్ పట్టుకున్నాడు. రాత్రి గదికెళ్ళాక కూడా ఆ పిల్లల ఏడుపు మొహాలే కనపడేవి. పేరు వద్దన్న అన్నా, మీరు ఆ కుర్రాడి మీద అరిచినట్టు రాయలేదు. అరవలేదనే అనుకుంటున్నాను.

పేరు_వద్దు

అరవలేదు తమ్ముడూ. తర్వాతి నెల వెళ్ళి క్షమాపణ చెప్పాను. పాప కూడా వచ్చింది. ఆ కుర్రాడు గుర్తుపట్టి, గోడకి ఆనించి మళ్ళీ కొలిచి "ఇంకా 2 సెంటీమీటర్లు, తొందరేం లేదు" అన్నాడు.

పాప్‌కార్న్_పావని (టోక్యో)

నేను ఇక్కడి డిస్నీ పార్కు టోక్యో డిస్నీసీకి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. అక్కడ పాప్‌కార్న్ బకెట్లు ఉంటాయి, మెడలో వేలాడేసుకునేవి, సీజన్‌కో ఆకారం. పాప్‌కార్న్ రుచి కూడా ఒక్కో బండి దగ్గర ఒక్కోటి, కూర మసాలా లాంటివి. మా ఇల్లు రెండు మంచాలు పడితే నిండిపోయేంత చిన్నది. అయినా నా దగ్గర 31 బకెట్లున్నాయి. స్నేహితులొస్తే దుప్పట్ల కింద దాచేస్తాను. పోయిన సంక్రాంతికి నాలుగు విజయవాడ తీసుకెళ్ళి నా గదిలో పెట్టి వచ్చాను. మొన్న వీడియో కాల్‌లో వంటగదిలో అమ్మ వెనక చూస్తే, ఒకదాన్నిండా కందిపప్పు, ఇంకోదాన్నిండా ఎండుమిర్చి. గొంతుకి ఏదో అడ్డం పడింది, కాల్ కట్ చేసేశాను. తర్వాత నాన్న చెప్పాడు, పప్పు తీసిన ప్రతిసారీ "ఇది మా పావని డబ్బా" అంటుందట. అక్కడే ఉండనిచ్చాను.

బిట్రగుంట_ఫైర్‌మన్ (నెల్లూరు)

పిల్లలందరికీ ఆశీస్సులు. మా మనవడు టైపు చేసిపెడుతున్నాడు. నా వయసు 71. రైల్వేలో ఫైర్‌మన్‌గా, అంటే ఇంజన్లో బొగ్గు వేసేవాడిగా చేరి డ్రైవర్‌గా రిటైరయ్యాను. బిట్రగుంట స్టీమ్ షెడ్ గురించి మీలో పెద్దవాళ్ళు వినే ఉంటారు. నా కుర్రతనమంతా ఆ బొగ్గులోనే గడిచింది.

2023లో మా అబ్బాయి దగ్గరికి అమెరికా వెళ్ళాను. పిల్లల కోసం మ్యాజిక్ కింగ్‌డమ్ తీసుకెళ్ళారు. నాకు పార్కులంటే ఆసక్తి లేదు, తిరునాళ్ళలో రంగులరాట్నం కంటే గొప్పేముంటుందిలే అనుకున్నా. గేటు దగ్గరికి వచ్చేసరికి స్టీమ్ కూత వినపడింది. రికార్డు చేసింది కాదు, అసలు కూత. ఆవిరి కూతలో చివర చిన్న తడి ఉంటుంది, అది దొంగ కూతలో రాదు. కాళ్ళు ఆగిపోయాయి.

అక్కడ పార్కు చుట్టూ మైలున్నర రైలు మార్గం ఉంది. మూడడుగుల గేజి, అంటే పట్టాల మధ్య వెడల్పు. నాలుగు ఇంజన్లు, నాలుగూ ఫిలడెల్ఫియాలోని బాల్డ్విన్ కంపెనీవి, 1916కీ 1928కీ మధ్య చేసినవి. మెక్సికోలో పనిచేసి పాతబడిపోతే 1969లో కొని, బాగుచేసి తెచ్చారట. బొగ్గు కాదు, నూనెతో మండిస్తారు. నాకంటే పెద్దవి, ఇంకా పనిచేస్తున్నాయి.

కోడలితో మోకాళ్ళ నొప్పులని చెప్పాను. మీరు తిరిగి రండి, నేను రైల్లో కూర్చుంటానన్నాను. మోకాళ్ళకి ఏమీ లేదు. ఒక చుట్టుకి 20 నిమిషాలు. 7 చుట్లు తిరిగాను. ఇంజన్‌కి దగ్గరగా ఉన్న పెట్టెలోనే కూర్చున్నాను, ఆవిరి మొహానికి తగిలేట్టు. ఆ వేడి నూనె వాసన, తడి ఇనుము వాసన. నాతో పనిచేసిన డ్రైవరు పెద్దాయన ఒకాయన ఉండేవాడు, నాకు పార పట్టడం నేర్పింది ఆయనే. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఐదో చుట్టులో ఆయన పక్కన కూర్చున్నట్టు అనిపించి బాగా ఏడ్చాను. పక్కనున్న అమెరికావాడు నీళ్ళ సీసా ఇచ్చాడు.

ఇంట్లో ఇప్పటికీ మోకాళ్ళకి తైలం రాస్తున్నారు. వద్దనలేకపోతున్నాను.

మనవడి మాట: తాతయ్యా, నాకిప్పుడే తెలిసింది. అమ్మకి చెప్పను.

ఫ్రీమాంట్_పద్మ

తాతగారూ, చెప్పెయ్యండి. మా అమ్మ లాగే మీ కోడలు కూడా ఆ మోకాళ్ళ గురించి బెంగ పెట్టుకుని ఉంటుంది.

గోదారి_గట్టు

మాస్టారూ, ఒక విన్నపం. ఆ కూతలో "తడి" అన్నారు చూడండి, దాని గురించి విడిగా ఒక పోస్టు రాయండి. మనవడికి టైపింగ్ కష్టమైతే వాయిస్ పంపండి, నేను టైపు చేస్తాను.

ఎగ్జిట్13

నిన్న రాత్రి పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. గురువారాలు, తడి బట్టలు, స్టెప్నీ, నానమ్మ, తమ్ముడి చెప్పులు, అన్నీ. పెద్దది లేచి వచ్చి మెడ చుట్టూ చేతులు వేసింది. చిన్నది మాత్రం "నన్ను తీసుకెళ్ళకుండా ఎన్నిసార్లు వెళ్ళావ్?" అని గట్టిగా అడిగింది. 14 అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు.

పొద్దున లేచి చూస్తే తలుపు పక్కన గోడకి ఆనుకుని, నెత్తి మీద స్కేలు పెట్టుకుని నిలబడి ఉంది. అక్కతో పెన్సిల్ గీత గీయించింది. రికాయిల్‌కి ఎంత కావాలి అని అడుగుతోంది. పేరు వద్దన్న అన్నా, బూట్లు విప్పించే కొలిచాను.

బిట్రగుంట_ఫైర్‌మన్

కోడలికి చెప్పాను. తైలం సీసా తీసుకెళ్ళి లోపల పెట్టేసింది. వచ్చే ఏడు మళ్ళీ రమ్మంటోంది. గట్టు గారూ, వాయిస్ రేపు పంపుతాను.